గుండు కట్టిన దారం

మొదటిసారి నేను ఫెయిలయింది నా చెవి వల్ల. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పైలట్‌నే అయినా, పాప పుట్టాక రెండేళ్లు విమానం నడపలేదు. మబ్బుల్లో బయట ఏమీ కనిపించనప్పుడు మీటర్లు చూసి నడిపేందుకు ఇచ్చే అనుమతికి గడువు దాటిపోయింది. సోమవారం లోపు మళ్లీ పరీక్ష పాసైతే ఉద్యోగం నాది, లేకపోతే ఇంకొకరిది అని కంపెనీవాళ్లు తేల్చి చెప్పారు. పరీక్ష పెట్టేది కెప్టెన్ రషీద్. నంద్యాల మనిషి. నవ్వుతూనే తోలు తీస్తాడు.

ఆ రోజు నా కళ్లకు అడ్డంగా హుడ్ పెట్టించాడు. మీటర్లు తప్ప ఇంకేమీ కనపడవు. కాసేపటికి ఇంజన్ మోత హెచ్చినట్టు అనిపించింది. విమానం ముక్కు కిందికి పోతోందనుకుని పైకి లాగాను. మీటర్లేమో అంతా సమంగానే ఉందంటున్నాయి. నేను ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో పెరిగినదాన్ని. రాయిని తట్టి, మోత విని, లోపల పగులుందో లేదో చెప్పడం మాకు చిన్నప్పుడే అబ్బుతుంది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

"చెవితో తోలేదానికి ఇదేమన్నా ఎద్దులబండా?" అన్నాడు రషీద్ సార్.

మండిపడుతూ ఇంటికొచ్చాను. మా నాయన ఓబయ్య అమ్మవారి విగ్రహానికి ముక్కు చెక్కుతున్నాడు.

"సరిగుందా సూడు," అన్నాడు.

"సరిగానే ఉంది," అన్నాను విసురుగా.

ఆయన విగ్రహం నుదుటి మీంచి, నిలువు సరిచూసే గుండు కట్టిన దారం వదిలాడు. ముక్కు కొన బియ్యపుగింజంత పక్కకుంది.

"నాకూ సరిగానే కనపడె. నలబై ఏండ్లు చెక్కినా నా కన్నును నేను నమ్మను. అందుకే దారం కడతాండా."

"మరి రాయి మోత?"

"అది రాయిని ఎంచుకునేదానికి. చెక్కేటప్పుడు దారమే."

ఈ ముక్క నిన్ననే చెప్పి ఉండొచ్చు కదా అని ఆయన మీదే కోపం వచ్చింది.

శనివారం మళ్లీ ఎక్కాను. ఈసారి భయం లేదు. ఓర్వకల్లు రన్‌వే మీంచి లేచి, మళ్లీ హుడ్ పెట్టుకుని, నంద్యాల దాటి, ఆళ్లగడ్డ మీదికి వచ్చాం.

"కింద మీ నాయన చెయ్యి ఊపుతాండాడు. సూస్తావా?" అన్నాడు రషీద్ సార్.

"చూడను సార్."

"కుడికి తిప్పు. మబ్బులోకి పోతాండాం, ఇంక నాగ్గూడా ఏం కనపడదు." అంటూనే, విమానం ఎటు ఒరిగిందో చూపే పెద్ద మీటరు మీద రబ్బరు మూత అంటించాడు. "ఇది చెడిపోయిందనుకో."

మలుపు పూర్తిచేసి రెక్కలు సమం చేశాను. అంతే! ఎడమకు ఒరిగిపోతున్నావని ఒంటి తూకం చూసే లోపలి చెవి, నడుము, కడుపు ఒక్కసారిగా మొత్తుకున్నాయి. చెయ్యి కుడికి లాగబోయింది. మలుపు చూపే చిన్న మీటరు చూశాను. అందులోని బొమ్మ విమానం రెక్కలు సమంగా ఉన్నాయి. దిక్సూచి కదలడం లేదు. ఎత్తు మారలేదు.

"నోర్ముయ్!" అన్నాను, పైకే.

"ఎవర్ని?"

"మిమ్మల్ని కాదు సార్, నా చెవిని."

నేను మీటర్ల మాటే విన్నాను. చివర్లో, మబ్బు కిందికి దిగాక, "హుడ్ తియ్," అన్నాడు. ఎదురుగా రన్‌వే, దాని మధ్యగీత సరిగ్గా నా ముక్కుకు సూటిగా ఉంది.

దిగాక కాగితం మీద సంతకం చేస్తూ రషీద్ సార్ చిన్నగా అన్నాడు: "ఆ మబ్బులో నాగ్గూడా ఎడమకు ఒరిగినట్టే ఉండె. కంట్రోళ్ల మీదికి చెయ్యి పోతాదేమోనని తొడల కింద పెట్టుకొని కూసుంటి. ఇరవై ఏండ్లాయ, ఈ ఒళ్లు అబద్ధాలు మానదు."

నాయనకు ఫోన్ చేశాను. "పాసయినా," అన్నాను. అవతల ఉలి చప్పుడు ఆగింది.

"దారం సూసినావా?"

"సూసినా నాయనా."

"ఊఁ. ఈడ ముక్కు సరిచేసినా. వచ్చి సూడు."

"వస్తాండా," అన్నాను. "నేనొచ్చేదాకా దారం మాత్రం తియ్యొద్దు."