రాతికి వేసే కొక్కెం

మోతీ తన తండాకు చేరేసరికి పొద్దు వాలుతోంది. సకల జనుల సమ్మెతో రైళ్ళు ఆగిపోవడంతో ఖమ్మంలో దిగి, దొరికిన బండి ఎక్కుతూ, దొరకనిచోట నడుస్తూ కురవి దాకా వచ్చాడు. దారిలో రోడ్డు మీదే వంట చేస్తున్న సమ్మెవాళ్ళు ఆపి, "జర తిని పో తమ్మీ" అంటూ విస్తరి వేశారు. తినకుండానే విస్తరి మడిచి లేచాడు.

దస్రు తల్లి ద్వాళికి ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాడు.

మోతీ, దస్రు ఒకే తండా బిడ్డలు. కూలికని బయల్దేరి అండమాన్ చేరారు. టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకెళ్ళే పడవ మీద మొదట గాలి సిలిండర్లు మోశారు, ఆ తర్వాత మునగడం నేర్చారు. లోపల నీటి ఉరవడి ఎక్కువైతే కొట్టుకుపోకుండా రాతికి తగిలించి నిలబడేందుకు ఒక కొక్కెం ఉంటుంది. దాని తాడు చివర జాకెట్టుకు పెట్టే క్లిప్పు. దుకాణంలో దస్రు రెండు కొనలున్నదాని మీద మోజుపడ్డాడు. ఒకే కొన ఉన్నదైతే సన్నని సందులోనూ దూరుతుంది, వదిలించుకోవడమూ తేలిక అని మోతీ దాన్నే ఇప్పించాడు. వేలాడనిస్తే ఎక్కడో చిక్కుకుని మనిషినే పట్టేస్తుందని, తాడు చుట్టి రబ్బరు పట్టీ వేసి జేబులో పెట్టుకోవడం ఇద్దరూ అలవాటు చేసుకున్నారు. దస్రు ఒక్కనాడూ మరవలేదు. ఆ రోజు కూడా.

ద్వాళి గుడిసె ముందు మంచంలో కూర్చుని ఉంది.

"ఫోన్ల వాళ్ళు చెప్పింది నాకు సమజ్ కాలే. ఏమైందో నువ్వు చెప్పు బిడ్డా."

"లోపట కరెంటు ఎక్కువుండె యాడీ." తన తల్లిని పిలిచినట్టే పిలిచాడు.

"నీళ్ళల్ల కరెంటేంది? తీగ తెగిపడ్డదా?"

బావి కాడ మోటారు షాకు కొట్టి పోయినవాళ్ళను ఆమె చూసింది. మోతీ తల అడ్డంగా ఊపాడు.

"తీగ గాదు. లోపట నీళ్ళు వాగు లెక్క ఉరుకుతయి. పైకి ఏం కనవడది."

సంచిలోంచి తన కొక్కెం తీసి మంచం పట్టెకు తగిలించాడు. తాడు బిగలాగి చూపించాడు.

"గిట్ల తగిలిచ్చుకొని నిలవడ్డం. టూరిస్టు ఒకాయన పట్టు జారిండు. దస్రు ఆయన్ను దొరకవట్టుకున్నడు. ఇద్దరి బరువు రాయి ఆపలే, పలిగింది. పోతపోత ఆయన్ను నా దిక్కు నూకిండు. ఆయన చెయ్యి నాకు అందింది. దస్రుది అందలే."

ద్వాళి కొక్కెం తాడును తనూ లాగి చూసింది.

"పీనుగ దొరకలేదన్నరు ఫోన్ల. ఇంకో రాయికి తగిలిచ్చుకొని ఉండొచ్చు గద?"

"గాలి అయిపోతది యాడీ."

"ఎంతసేపొస్తది?"

"గంట గూడ రాదు."

ఆమె పట్టె నుంచి కొక్కెం విడదీసి అతని చేతిలో పెట్టింది.

"వాని కొక్కెం మంచిదేనా?"

"మంచిదే. నేనే ఏరి ఇప్పిచ్చిన."

"రాయిని గూడ మంచిది ఏరుకుంటే బాగుండు."

తిట్టినా బాగుండేదనిపించింది మోతీకి. ఆమె తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళింది.

దస్రు తండ్రి పూల్‌సింగ్ పూణేలో కూలి పనిలో ఉన్నాడు. రైళ్ళు లేక అక్కడే చిక్కుకున్నాడు. అతను రాకుండా దస్రుకు చేయవలసిన కర్మకాండ ఏదీ చేయడానికి లేదు. పగళ్ళు మోతీ రోడ్డు మీది సమ్మె శిబిరంలో కూర్చునేవాడు. అందరూ గొంతు చించుకుంటూ నినాదాలిస్తుంటే నోరు మాత్రం కదిపేవాడు.

రాష్ట్రం రాకుండానే సమ్మె ఆగింది. రైళ్ళు కదిలాయి. పూల్‌సింగ్ మానుకోట స్టేషన్లో దిగి తిన్నగా ఇంటికొచ్చాడు. పూడ్చడానికి మనిషి లేడు గనుక పెద్దలు దస్రు చొక్కా ఒకటి అడిగారు. ద్వాళి ఉతకనిది ఏరి ఇచ్చింది. చిన్న గొయ్యి తవ్వారు. అంత చిన్నది చాలడం చూసి పూల్‌సింగ్ మట్టిలో కూలబడ్డాడు.

మన్ను కప్పాక అతను మోతీ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పక్కనే ఉంటివట. ఎట్లయిందో మొదటి సంది చెప్పు."

"లోపట కరెంటు..." అన్నాడు మోతీ.

ద్వాళి వచ్చి భర్త పక్కన చతికిలబడింది. మోతీ వైపు చూడకుండా, తనే చెప్పడం మొదలుపెట్టింది.