నడిమి వైరు

తన రేడియో రిపేరు కొట్లో, ఆరో సెల్లుకి కూడా మీటరు తాకించి చూసి బాలశౌరి నిట్టూర్చాడు. మూడు కొత్తవి, మూడు ముసలివి. అరవై ఆరులో నరసరావుపేటలో టార్చిలైటు సెల్లు చచ్చిపోతే పారేసేవాళ్ళు లేరు. డాబా మీద వడియాల పక్కన రెండ్రోజులు ఎండబెట్టి, కొత్తవాటికి జతచేసి, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారు. బళ్ళో సైన్సు చెప్పే ఫిలోమినా టీచరు కూడా అంతే.

ఆమె చర్చిలో పాటలకి వాయించే హవాయి గిటారుకీ రేడియోకీ మధ్య పెట్టే ఈ ఆరు సెల్లుల చెక్కపెట్టె బాలశౌరి చేసిందే. తీగ చప్పుడును పెద్దది చెయ్యడం దాని పని. నెలకోసారి దాని గొంతు బొంగురుపోతుంది. ఎనిమిది నెలల్లో ఆమె దీన్ని తేవడం ఇది ఎనిమిదోసారి.

“ఏంది అన్నయ్యా, మళ్ళీ అదే రోగమా?” స్టూలు మీద నుంచి అడిగింది ఫిలోమినా.

ఆ ‘అన్నయ్యా’ విన్నప్పుడల్లా బాలశౌరికి షాకు కొట్టే ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టుంటుంది. భార్య పోయి పదకొండేళ్ళు. ఊరంతా అతనితో మాట్లాడుతుంది గానీ, రేడియో గురించే. ‘అన్నం తిన్నావా’ అని అడిగేది ఈ ఒక్క మనిషే.

“నాకు మాచర్ల బదిలీ అయింది. ఇయ్యాళ నాలుగింటి బండికే పోతన్నా. ఆడ దీన్ని బాగుచేసేవాడు ఉంటాడా?”

బాలశౌరి స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె అడుగుపలక విప్పసాగాడు.

“ఉంటాడు టీచరమ్మా. పెట్టె ఇచ్చావంటే సగం సామాను వాళ్ళింటి రేడియోలో పాడుద్ది.”

రోగం ఎక్కడుందో అతనికి మొదటిసారి నుంచీ తెలుసు. తీగ మీటితే కరెంటు పైకీ కిందకీ ఊగుతుంది. దాన్ని సున్నా దగ్గర నిలబెడితే కిందకి పోవడానికి చోటుండదు, నేలమీద కూర్చున్నవాణ్ణి కిందకి దూకమన్నట్టు. అందుకని ఆరు సెల్లులూ కలిసి ఇచ్చే తొమ్మిది వోల్టులకి నడిమిన, నాలుగున్నర దగ్గర నిలబెట్టాలి. ఆ నడిమి కోసం మూడో సెల్లుకీ నాలుగో సెల్లుకీ మధ్య నుంచి ఒక వైరు లాగాడు బాలశౌరి. ఆరు సెల్లులూ ఒక ఈడువైతే అది నడిమే. ఒకవైపు కుర్రవి, ఒకవైపు ముసలివి అయితే నడిమి పక్కకి జరిగి, శబ్దం గీరుకుంటుంది.

ఆరూ కొత్తవి వెయ్యమని అతను ఎన్నడూ చెప్పలేదు. చెబితే వేసేస్తుందేమో, ఇక కొట్టుకి రాదేమోనని భయం. ఆ వైరు తీసేసి, వోల్టేజీని చెరిసగం పంచే సమానమైన రెసిస్టర్లు రెండు పెడితే, సెల్లులు ఎలాంటివైనా నడిమి నడిమే. ఆ రెండూ ఎనిమిది నెలలుగా సొరుగులో ఉన్నాయి.

ఈస్టరు ముందు, ఫాదరుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పుకున్నాడు. ఫాదరుగారు చాలాసేపు ఆలోచించి, వోల్టేజీకి విడిగా ప్రాయశ్చిత్తం లేదనీ, ఒక జపమాల చెప్పుకోమనీ అన్నారు.

వైరు అలాగే ఉంచితే నెలకోసారి బండెక్కి వస్తుందేమో. రాకపోతే? క్రిస్మసు రాత్రి మాచర్ల చర్చిలో, తెలియని నలుగురి ముందు, గిటారు బొంగురుపోతుంది. ఆమె తలదించుకుంటుంది.

బాలశౌరి సొరుగు తెరిచాడు. వైరు కత్తిరించాడు. రెసిస్టర్లు రెండూ సీసంతో అతికించి, లేచిన పొగని ఊదాడు.

ఫిలోమినా తీగ మీటింది. స్వరం గీరుకోకుండా సాగి, తనంతట తానే సన్నబడి ఆగిపోయింది.

“అబ్బ! చానా బాగుంది. ఏం చేశావు?”

“నడిమిని కుదురుగా కూర్చోబెట్టా. పాత సెల్లులేసినా ఫరవాలేదు, కాస్త చప్పుడు తగ్గుద్ది, అంతే.”

“అయితే ఇంక నీతో పనిలేదంటావు.”

“లేదు.”

“మొండిమనిషివి అన్నయ్యా. పొయ్యేటప్పుడు అట్టనా చెప్పేది!”

బాలశౌరి వీధిలోకి తల పెట్టి, “నూర్ భాయ్, రెండు టీ!” అని కేకేశాడు. కానీ జట్కా అప్పటికే వచ్చింది. ట్రంకుపెట్టె, గిటారు, చెక్కపెట్టె ఎక్కాక ఆమె ఎక్కింది.

“టయానికి తిను,” అంది. జట్కా కదిలింది.

ఎదురు హోటలు నూర్ మొహమ్మద్ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“టీచరమ్మ ఏదీ?”

“పోయింది.”

“మరి రెండోది తీసుకుపోనా?”

“ఉండనీ.”

స్టేషను వైపు నుంచి మాచర్ల బండి కూత వినపడింది. బాలశౌరి తన టీ తాగేసి ఎవరిదో రేడియో విప్పాడు. రెండో గ్లాసులో టీ మీద పల్చగా మీగడ కట్టి, ఫ్యాను గాలికి ముడతలు పడుతోంది.