మూడు గంటల బ్లాస్టింగు

బొగ్గు గనులు ఒక్కొక్కటీ మూతపడుతుంటే గోదావరిఖనిలో ఇక ఏం మిగులుతుందన్నదే ఏ క్వార్టరులో విన్నా మాట. ఆ దిగులు పోగొట్టి, కొత్త ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లను రప్పించాలని ఊళ్లోని ఒక సంఘం అంతర్జాతీయ సదస్సు పెట్టింది. విదేశాల నుంచి తొమ్మిదిమంది వస్తున్నారు. ఏ నిమిషానికి ఏం జరగాలో రాసింది సంఘం ఆఫీసులో పనిచేసే యమున.

రెండు రోజుల ముందు రిహార్సల్ చేశారు. కొత్తగా చేరిన మంథని అమ్మాయి అన్వితను అతిథి కుర్చీలో కూర్చోబెట్టారు. సరిగ్గా మూడింటికి నేల అదిరింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. అన్విత బల్ల కిందికి దూరింది. మిగతావాళ్లెవరూ తల కూడా ఎత్తలేదు.

"పెన్ను పడ్డదా అన్వితా?" అడిగాడు కార్యదర్శి అనంతరామ్.

"భూకంపం సార్."

"ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు. ఉపేందర్ మీ యమునక్కను పలకరిస్తున్నడు."

అందరూ నవ్వారు. ఉపేందర్ యమున భర్త, ఆ గనిలో బొగ్గు మీది బండను పేల్చే పనే చేస్తాడు. యమున మాత్రం తన కాగితం చూసుకుంటూ ఉండిపోయింది. మూడు గంటలకు జర్మనీ నుంచి వచ్చే ఆవిడ ప్రసంగం, 'ఇక్కడ పెట్టుబడి ఎందుకు భద్రం' అని. పద్దెనిమిదేళ్లుగా రోజూ ఇల్లు అదురుతున్నా, ఆ సమయం రాసుకునేటప్పుడు ఆ సంగతే తట్టలేదు.

"సదస్సు జరిగే రెండు రోజులు ఆపమని గనివాళ్లను అడుగుదాం," అన్నాడు అనంతరామ్.

సాయంత్రం ఇంట్లో యమున ఆ మాట ఉపేందర్‌కు చెప్పింది.

"అడిగితే ఆపుతరేమో," అన్నాడతను కాళ్లు కడుక్కుంటూ. "రేపు ఫ్యాక్టరీ పెట్టినోడు అదిరిపడి నీకు ఫోన్ చేస్తే ఏం చెప్తవ్?"

పొద్దున ఆఫీసుకు పోగానే అంది, "కార్యక్రమంల రాద్దాం సార్. మూడింటికి బ్లాస్టింగు అని."

"భయపడి పోతే?"

"పోయేటోళ్లు ఇప్పుడే పోవాలె. షెడ్లు కట్టినంక పోతే ఈ ఊరిని మళ్ల ఎవ్వలు నమ్మరు."

అనంతరామ్ కాగితం ఆమె ముందుకు తోశాడు. "రాయి. కానీ కింద నీ పేరు పెట్టు. అందరు నన్నంటే నేను పడలేను."

పేరు పెట్టింది.

సదస్సు రోజు మూడింటికి ఐదు నిమిషాల ముందు యమున వేదికెక్కి బ్లాస్టింగు సంగతి చెప్పింది. అన్విత దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పినా, నేల అదిరేసరికి జర్మనీ ఆవిడ మైకు పట్టుకుని ఆగిపోయింది. ఇద్దరు అతిథులు లేచి బయటికి నడిచారు. అనంతరామ్ వాళ్ల వెంట పరుగెత్తాడు. వాళ్లు ఆగలేదు.

అప్పుడు బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న కొరియా ఆయన చెయ్యెత్తి అడిగాడు. అది ఎంత దూరంలో? రోజుకు ఎన్నిసార్లు? రేపు దగ్గర్నుంచి చూడొచ్చా?

మిగిలినవాళ్లూ వస్తామన్నారు. యమున వరండాలోకి వచ్చి ఉపేందర్‌కు ఫోన్ చేసింది.

"రేపు చూడనీకి వస్తరట. పర్మిషన్ అడుగుతవా?"

"అడుగుత. గనిల పెట్టుకునే టోపీలు ఎన్ని కావాలె?"

"ఏడు," అంది. అంతలోనే, "ఎనిమిది చెప్పు. నేను గూడ ఎన్నడు చూడలే."