బాగుంది అంటే

జలుబు వచ్చి పోయింది. పోతూ పోతూ టైలరమ్మ నాలుకను కూడా వెంట పట్టుకుపోయింది.

వారం రోజులుగా ఆమెకు ఉప్పూ కారం ఏదీ తెలియడం లేదు. ఏం తిన్నా గడ్డి తిన్నట్టే. ఆ సంగతి నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు. చెబితే పరువేం కావాలి? సాయంత్రం ఆడపడుచు వస్తోంది, ఏటా పట్టుకెళ్ళే అనాసపండు పచ్చడి కోసం. ఆవిడ కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. అలాంటి మనిషి కూడా "మా వదిన చెయ్యి పడితే ఆ రుచే వేరు" అని నలుగురిలో చెప్పుకుంటుంది. కుట్టుపనితో టైలరమ్మకు ఇల్లు గడుస్తుంది, ఆ ఒక్క మాటతో కడుపు నిండుతుంది. ఈసారి పచ్చడి చెడితే ఆ మాట కాస్తా పోతుంది.

అనాస ముక్కలు, బెల్లం, అల్లం, ఎండుమిరప, లవంగాలు అన్నీ చేతి అలవాటు మీదే వేసింది. పచ్చడి చిక్కబడి గరిటెను పట్టుకుంది. చూడటానికి ముచ్చటగానే ఉంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం వెచ్చటి దూది.

ఇక గత్యంతరం లేక మొగుణ్ణి పిలిచింది. ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఎవరింటి తాళమైనా తెరుస్తాడు గానీ, తన నోరు మాత్రం తెరవడు. ఆవిడ ఈమధ్యే కుట్టిచ్చిన గళ్ళ చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"కాస్త రుచి చూడండి."

ఆయన చెంచా నాకాడు. "బాగుంది."

ఆవిడకు నమ్మకం చిక్కలేదు. డబ్బాలోంచి ఇంకాస్త ఉప్పు వేసి కలిపింది. "ఇప్పుడు?"

"బాగుంది."

గుప్పెడు వేసింది. "ఇప్పుడు?"

"బాగుంది."

"మీ బాగుంది బంగారం గానూ! గోడకి చెప్పినా ఒకటే, మీకు చెప్పినా ఒకటే!" టైలరమ్మ గరిటె పడేసి పీట మీద కూలబడింది. "నాకు రుచి తెలియడం లేదండీ. సాయంత్రం మీ చెల్లెలి ముందు నా తల ఎక్కడ పెట్టుకోను?"

"తెలుసు" అన్నాడాయన నెమ్మదిగా. "వారం నుంచి నా కాఫీలో ఉప్పేగా వేస్తున్నావు."

ఆవిడ ఒక్క ఉదుటున లేచి డబ్బాలు చూసింది. ఉప్పూ పంచదారా తారుమారయ్యాయి. అంటే ఇందాక పచ్చడిలో పడిందంతా పంచదారే!

"ఆ కాఫీ ఎలా తాగారు? చెప్పొచ్చు కదా!"

"నువ్వే చెబుతావని చూశాను. అయినా రోజూ బాగుందన్నానుగా."

టైలరమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడే పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. మొదటిసారి ఈ పచ్చడి చేసినప్పుడు ఆయన బాగుందనలేదు. అసలు మాటే లేదు, గిన్నె అడుగుదాకా వేలితో తుడిచి తినేశాడు. ఇన్నేళ్ళూ ఆమె పొంగిపోయిన బాగుందిలన్నీ వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

"రుచి నెమ్మదిగా వస్తుందిలే. అంతదాకా నా నాలుక వాడుకో" అన్నాడాయన.

వాడుకుంది. అసలు ఉప్పు వేసింది. "బాగుంది" అన్నాడు. నిమ్మరసం పిండింది. "బాగుంది." కారం దట్టించింది. ఈసారి ఆయన ఏమీ అనలేదు. చెంచా మళ్ళీ గిన్నెలోకి వెళ్ళింది. టైలరమ్మ టక్కున స్టవ్ కట్టేసింది.

సాయంత్రం ఆడపడుచు సీసాలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. మాట లేదు. మళ్ళీ ముంచింది. అన్నకు తగ్గ చెల్లెలే.

"మూత పెట్టమ్మా, మాకూ మిగల్చు" అంది టైలరమ్మ, గుండె కుదుటపడి.

ఆడపడుచు వెళ్ళాక మొగుడి వైపు తిరిగింది. ఆయన కాలరు వైపు చూస్తూ అడిగింది.

"ఏమండీ, ఇంతకీ ఈ చొక్కా ఎలా కుట్టానంటారు?"

ఆయన మెడ అటూ ఇటూ తిప్పబోయాడు. బిగుసుకున్న కాలరులో అది తిరగలేదు.

"బాగుంది" అన్నాడు.

టైలరమ్మ కత్తెర అందుకుంది. "విప్పండి" అంది.