ఉప్పు బిస్కెట్లో పండు

ఉప్పు బిస్కెట్లో ఎండుపండు వేసేవాళ్ళకు మతి లేదని నా గట్టి నమ్మకం. బేకరీ పెట్టినప్పటి నుంచీ ఆ మాట గల్లాబల్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నా చీజ్ బిస్కెట్ అంటే చీజ్, వెన్న, మైదా, మిరియాల పొడి. అంతే. తీపి కావాలంటే పక్క అరలో కేకు ఉంది, కొనుక్కు పొమ్మనేదాన్ని.

అలాంటి నా దగ్గరికి కోడలు పగిలిన పెదవితో, ఒక చేతిసంచితో వచ్చి పడింది. కొట్టింది నా కొడుకే. వెనక గది ఇచ్చాను. వాడు ఫోన్ చేసి అడిగితే, ఇటు రాలేదని చెప్పాను. కన్నకొడుకుతో అబద్ధమాడటానికి నా నోరు ఏమాత్రం తడబడలేదు. ఆ పెదవి చూస్తే ఎవరికీ తడబడదు.

ఊరికే కూర్చునే రకం కాదు ఆ పిల్ల. చీజ్ తురిమింది, వెన్న, మైదా కలిపింది. నేను చూస్తుండగానే ఎండు ఆప్రికాట్లు, కిస్‌మిస్, అక్రోట్లు సన్నగా తరిగి అందులో గుమ్మరించింది.

"నా బేకరీలో ఈ కలగాపులగం ఏంటమ్మాయ్!" అని కేకలేశాను.

"ఒక్కటి తిన్నాక తిట్టండి అత్తయ్యా" అంది.

పిండిని పొడుగ్గా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక బిళ్ళలుగా కోసింది. పైకి కనబడిన ప్రతి పండుముక్కనూ వేలితో లోపలికి నొక్కింది. బయట ఉంటే మాడి చేదెక్కుతుందట. కాలాక ఒకటి తిన్నాను. తిట్టేదాన్నే, కానీ అప్పటికే నోట్లో రెండోది ఉంది.

ఇక జనం వాటికోసం ఎగబడ్డారు. నేను కూడా సిగ్గు విడిచి వాటిని గాజు అరలో ముందు వరసలో పెట్టాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఒక మధ్యాహ్నం మా వాడు వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బుద్ధిమంతుడిలా ఉన్నాడు. "ఆకలేస్తోందమ్మా" అన్నాడు. వాడు ఆ మాటంటే నా చెయ్యి నన్నడగదు. అరలో చేతికందిన బిస్కెట్ తీసి ఇచ్చేశాను. కొరికాడు. నమలడం ఆపాడు. నాలుక మీది నుంచి ఆప్రికాట్ ముక్క తీసి వేలి మీద పెట్టుకుని చూశాడు.

"నువ్వు ఉప్పు బిస్కెట్లో పండు వెయ్యవు కదమ్మా."

నా పైప్రాణాలు పైనే పోయాయి. "జనం అడుగుతున్నార్రా" అన్నాను.

"జనం అడిగితే నువ్వు వినేరకమా? ఇది దాని చేతి పని. ఇంట్లో చేసేది. ఎక్కడుంది?"

నా జవాబు కోసం ఆగలేదు. గల్లాబల్లను పక్కకు నెట్టేశాడు. అడ్డం నిలబడ్డాను. భుజం పట్టి విసిరేస్తే వెళ్ళి గాజు అర మీద పడ్డాను. అద్దం పగిలి మోచేతిలో దిగింది. లేచేసరికి వంటింట్లోంచి ట్రే కిందపడిన చప్పుడు వినిపించింది.

పరిగెత్తి వెళ్ళేసరికి కోడలి జుట్టు వాడి పిడికిట్లో ఉంది. "నా పరువు తీసి ఇక్కడ బిస్కెట్లు కాలుస్తున్నావా?" అంటూ మొహాన్ని బల్ల అంచుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. పిండి మీద రక్తం చిమ్మింది. ఆమె అరవలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. దెబ్బలకు అలవాటుపడ్డ మనిషి అరవదు. తర్వాత వాడు తెరిచి ఉన్న ఓవెన్ వైపు ఆమె తల వంచాడు.

"ఈ మొహం ఇంకెవరికి చూపిస్తావో చూస్తాను."

ఆమె రెండు అరచేతులూ ఓవెన్ అంచుకు ఆనించి తల వెనక్కి లాక్కుంటోంది. చర్మం చుర్రుమంది. జుట్టు కాలిన కంపు కొట్టింది. పిండి ఒత్తే లావుపాటి కర్ర నా చేతికెలా వచ్చిందో తెలియదు. వాడి కుడి మోచేతి మీద కొట్టాను. ఎముక పుటుక్కుమంది. వాడు కెవ్వుమంటూ కూలబడ్డాడు.

గండం గడిచిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వాడు ఏడుపు అందుకున్నాడు. "చూశావా, మా అమ్మే నన్ను చంపేస్తోంది. నువ్వు తప్ప నాకెవరున్నారు? ఇంటికి పోదాం. ఇంకెప్పుడూ చెయ్యెత్తను. ఒట్టు" అంటూ ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ముక్కులోంచి రక్తం కారుతోంది. అలాగే పక్కన కూర్చుని తన ఆప్రాన్‌తో వాడి చెమట తుడిచింది.

"ఏడవకండి. వస్తాను" అంది.

అప్పుడు వాడి బొటనవేలు చూశాను. నోరు బతిమాలుతోంది, వేలు మాత్రం ఆమె కాలిన అరచేతిని అదిమిపెట్టి నొక్కుతోంది. ఆమె పళ్ళు బిగబట్టి తల ఊపుతోంది. ఇవాళ ఈ గుమ్మం దాటి వాడితో వెళ్తే ఈ పిల్ల నాకు మళ్ళీ ప్రాణాలతో కనబడదు.

"చెయ్యి వదల్రా."

"మొగుడూ పెళ్ళాల మధ్యలోకి నువ్వు రాకమ్మా."

"వదులు."

వదల్లేదు. మొదటి దెబ్బ కంగారులో పడింది, అది నేను ఎవరికైనా చెప్పుకోగలను. రెండోది అలా కాదు. చూసి, చోటు ఎంచుకుని, రెండు చేతులూ ఎత్తి వాడి మణికట్టు మీద కొట్టాను. వేళ్ళు విచ్చుకున్నాయి.

"ఎదురుగా మందులషాపుకి పో. చేతులకి మందు రాయించుకో. పోలీసులకి ఫోన్ చెయ్యమను."

"ఆయన..."

"వాణ్ని కన్నది నేను. నేను చూసుకుంటా. వెనక్కి తిరిగావంటే నీక్కూడా తగుల్తుంది, పో!"

వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగింది కానీ, వెనక్కి తిరగలేదు.

వాడు రెండు చేతులూ పొట్టకి ఆనించుకుని నేల మీద ముడుచుకుపోయి "అమ్మా, అమ్మా" అంటున్నాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడూ అలాగే ముడుచుకునేవాడు. పక్కన కూర్చుని వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను. చీమిడి తుడిచాను. మంచినీళ్ళు తాగించాను. ఏడుపొచ్చింది, దాచుకోకుండా ఏడ్చాను.

"అమ్మా, ఆ కర్ర అవతల పెట్టవే" అన్నాడు.

పోలీసులు వచ్చేదాకా పెట్టలేదు.