మూడు చోట్ల చూసిన లెక్క

ఆపరేషన్‌కు ముందు నా చేతిలో ఉన్నది ఒకే అంకె: ఎనిమిది వందల నలభై. నా భార్య గంగాబాయి కాలేయంలోని క్యాన్సర్ గడ్డ రక్తంలోకి వదులుతున్న ఒక ప్రోటీన్ లెక్క అది. గడ్డ తీసేశాక డాక్టరు చెప్పాడు, "రెండు నెలలకు రక్తం చూద్దాం. పది లోపుకు దిగితే మంచి గుర్తు. దిగకపోతే లోపల ఇంకా ఏదో మిగిలిందని అనుమానించాలి."

ముప్పై ఏళ్లుగా భివండీ మగ్గాల గుడ్డ కొంటున్నాను. ఏ తానునూ ఒక్కచోట చూసి కొనను. మొదట, నడుమ, చివర విప్పి చూస్తాను. అందుకే రెండు నెలలు నిండిన రోజు గంగాబాయిని కామత్‌ఘర్‌లో ఒక ల్యాబుకు, ధామన్కర్ నాకాలో ఇంకో దానికి, ఠాణేలో మూడో దానికి తిప్పాను.

మూడో సూదికి ఆమెకు కోపమొచ్చింది. "ఏందయ్యా, నన్ను గుడ్డతాననుకున్నవా? ఇంకెన్ని జాగల పొడిపిస్తవ్?"

"మాల్ మంచిగున్నదో లేదో చూడొద్దా?"

"గది పెండ్లికి ముంగట చూసుకోవాలె!"

మూడు రిపోర్టులూ ముందు పెడితే డాక్టరు పకపకా నవ్వాడు. "సేఠ్, ఒంట్లో రక్తమంతా ఒక్కటే. ల్యాబు మారితే కొలత కొంచెం మారుతుంది. ఇకనుంచి ఒకే ల్యాబుకు వెళ్లండి, అప్పుడే పోల్చడానికి వీలు. అయినా మూడూ పది లోపే ఉన్నాయి. మూడు నెలలకోసారి చూస్తూ ఉందాం."

చివరికి నాకు దక్కింది ఆరు, ఏడు, ఎనిమిది అనే మూడు అంకెలు, భివండీకి తిరిగొచ్చే దారిలో కాశేలి ఊరు దాటినా ఆపకుండా ఆటోలో నన్ను తిడుతూనే ఉన్న గంగాబాయి.