సీసం గుండ్లు

కాసమ్మ కవిత్వమంతా గోపాలపూర్ నుంచి బరంపురం వెళ్ళే తొలి బస్సులోనే పుట్టింది. చేపల గంప పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి ఆ సీటూ ఈ సీటూ రెండూ ఆమెవే. ఊరు దాటేసరికి నాలుగు వరసలు నోట్లో ఆడతాయి. బరంపురం పొలిమేర వచ్చేసరికి కవిత పూర్తవుతుంది. బస్సు దిగి, గంప కిందపెట్టి, రొంటిన ప్లాస్టిక్ కవర్లో చుట్టి దోపుకున్న ఫోను తీసి, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని గడగడా చెప్పేస్తుంది. ఆమె ఐదో తరగతి దాకా ఒడియా బడిలో చదివింది. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం, రాయడం రాదు. ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగువాళ్ళలో సగంమంది సంగతి అంతే.

ఆ గొంతు 'గంజాం కవన మిత్రులు' అనే వాట్సాప్ గ్రూపులోకి పోతుంది. అందులో నూటయెనభై మంది ఉన్నారు. రిటైరైన గుమస్తాలు, సరిహద్దు పల్లెల రైతులు, పట్టునేతవాళ్ళు, ఒకరిద్దరు కాలేజీ పిల్లలు. అడ్మిను భారతీదేవి బరంపురంలో ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసింది. గ్రూపులో కవిత కట్టనివాళ్ళంటూ లేరు. చదివేవాళ్ళు ఉన్నారో లేదో మాత్రం చెప్పలేం.

తన కవితకి ఎవరేం జవాబు రాశారో కాసమ్మ చదవలేదు, చదవాల్సిన పనీ లేదు. మధ్యాహ్నం గంప ఖాళీ చేసుకుని ఇంటికొస్తే గడప ముందే ఉంటాయి, బెండ్లు. వల పైఅంచుకి కట్టే తేలిక బెండ్లు. ఒక్కో మెచ్చుకోలుకి ఒక్కో బెండు. గ్రూపులో అందరి ఇళ్ళకీ అలాగే వస్తాయి, ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళకి. కొడల ఊరి దగ్గర్లోని రైతు సూరయ్యకి మెచ్చుకోలు పొట్టుగా వస్తుంది, తప్పు చెబితే గింజలుగా వస్తుంది. టీచరమ్మ ఇంటి ముందు రోజూ సుద్దపొడి పడుతుంది. పనిమనిషి తిట్టుకుంటూ ఊడుస్తుంది. కాసమ్మకైతే మెచ్చుకోలు బెండూ, తప్పు చెబితే వల కిందఅంచుకి కట్టే సీసం గుండూ రావాలి. గుండు ఇంతవరకూ ఒక్కటీ రాలేదు.

"ఏటే ఈ బెండ్లు, నడవటానికి తోవ నేదు," అనేవాడు మొగుడు పోతయ్య, కాలితో పక్కకి నెడుతూ. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన తుపానులో పోతయ్య వల కొట్టుకుపోయింది. గోపాలపూర్ ఒడ్డున వల ఉన్నవాడికే పడవలో వాటా, లేనివాడిది ఒట్టి కూలి. ఆ కూలి కూడా నాలుగు రోజులుంటే పది రోజులుండదు. పింటు అనే కాంట్రాక్టరు వచ్చి మంగుళూరు ట్రాలర్ల మీద పని ఉందన్నాడు, టికెట్టు తీస్తానన్నాడు. వచ్చే నెల రెండో శనివారం మధ్యాహ్నం రైలు. అలా వెళ్ళినవాళ్ళని కాసమ్మ చూసింది. ఏడాదికోసారి వస్తారు, వచ్చి సొంత ఇంట్లో చుట్టాల్లా కూర్చుంటారు, ఉప్పు ఎక్కడుందని అడుగుతారు. ఇరవై ఏళ్ళ సంసారం చేసిన మనిషి తన ఇంట్లో తనే దారి అడగడం ఆమెకి ఇష్టం లేదు. వెళ్ళనివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకుంది.

పడవ యజమాని మసేను దగ్గరికి వెళ్ళి అడిగింది.

"వల తెస్తే వాటా ఇత్తావా, మసేనన్నా?"

"ఎందుకివ్వను. రెండో శనివారం కొత్తగా జట్టు కడతన్నాను. ఆ పొద్దుటికి వల ఉండాల. నేకపోతే ఇంకోడికి మాటిచ్చీసేను."

చేతిలో ఉన్నదంతా పెట్టి నైలాను వలగుడ్డ కొన్నారు. బెండ్లకి కొదవ లేదు. ఇల్లంతా బెండ్లే. పోతయ్య పైతాడుకి బెండ్లు కట్టి, కిందతాడుకి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన సీసం కట్టి, ఒకరోజు లోతు తక్కువ నీళ్ళలో వేసి చూశాడు. వల మునగలేదు. పెళ్ళిచాపలా నీళ్ళమీద పరుచుకుని పడుకుంది. ఇంకా సీసం కట్టినా అంతే.

"మాటకొచ్చిన బెండుకి బజారు సీసం ఏటి సరిపోద్ది," అన్నాడు పోతయ్య తడి తుడుచుకుంటూ. "మాటకొచ్చిన గుండే కావాల. నీ కవుల్లో ఒకడైనా తప్పు సెప్పడేటే?"

"సెప్తారు. ఎందుకు సెప్పరు," అంది కాసమ్మ.

మర్నాడు బస్సు దిగగానే గ్రూపులో అడిగేసింది. "నా కవితలో తప్పు సెప్పండి బాబూ. మెచ్చుకోకండి." ఆ మాటని కూడా కవితే అనుకున్నారు. ఇంటికొచ్చేసరికి ముప్పైరెండు బెండ్లు.

ఆ గ్రూపుకో ఆనవాయితీ ఉంది. నువ్వు నాకు చప్పట్లు కొడితే నేను నీకు చప్పట్లు కొడతాను. కొట్టకపోతే నీ ఇంట్లో పెళ్ళికి రాను. అందులో కొందరు కవిత వినకముందే 'అద్భుతం' అని పెట్టేసి పళ్ళు తోముకోవడానికి వెళ్ళేవాళ్ళు. కాసమ్మకి ఇది తెలియక, కావాలని ఒక చెత్త కవిత చెబితే అప్పుడైనా ఎవరో ఒకరు ముక్కు విరుస్తారనుకుంది. గోపాలపూర్ నుంచి బరంపురం దాకా బస్సు ఆగే చోట్లన్నీ వరసగా చెప్పి, ఒక్కోదాని చివరా 'ఓ' అని సాగదీసింది. జీవన ప్రయాణానికి ఇంతకంటే గొప్ప ప్రతీక లేదన్నారు. ఆ మధ్యాహ్నం బెండ్లు వసారా దాటి వీధిలోకి దొర్లాయి. పక్కింటి మేక ఒకటి నమిలి ఊసేసింది.

ఇంక రెండు వారాలే ఉన్నాయి. కాసమ్మ ఆలోచించింది. అడిగితే ఇవ్వనిది ఇచ్చి తెచ్చుకోవాలి. తను మాత్రం ఎవరికి చెప్పింది గనక, తనూ ఇన్నాళ్ళూ రెండు చేతుల బొమ్మ నొక్కి ఊరుకుంది. ఆ ఆదివారం భారతీదేవి సముద్రం మీద కవిత చదివింది. ముత్యాల నవ్వుల సాగరమా, నీలిచీర కట్టిన సుందరీ అంటూ సాగింది. చప్పట్లు వానలా కురుస్తున్నాయి. మధ్యలో కాసమ్మ గొంతు వచ్చింది.

"టీచరమ్మా, తప్పట్టుకోకండి. మీ సంద్రానికి వాసన నేదు. వానాకాలం సంద్రం మట్టిరంగు, నీలం కాదు. మీరు సెప్పులు తడవకుండా దూరాన నిలబడి సూసినట్టుంది. నాకు నచ్చనేదు."

గ్రూపులో గగ్గోలు పుట్టింది. చేపలమ్ముకునేదానికి విమర్శ కావాలా అని ఒకరు, గురువుని అవమానించిందని ఇంకొకరు. ఆ రోజు కాసమ్మ గడప ముందు గలగలమంటూ ఏవో పడ్డాయి. ఆశగా పరుగెత్తింది. ఒట్టి ఆల్చిప్పలు. లోపలేమీ లేదు. కోపంతో అన్న మాటకి సీసం రాదని ఆమెకి అప్పుడు తెలిసింది. 

కాసమ్మకి మనసు బరువెక్కింది. తప్పు చెప్పినందుకు కాదు, ఎదురుగా చెప్పనందుకు. మర్నాడు గంపలో మంచి చందువా చేప ఒకటి పక్కనపెట్టి టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. భారతీదేవి తలుపు తీసి, గంపనీ మనిషినీ చూసి, లోపలికి రమ్మంది. బల్లమీద తెల్లటి కొత్త సుద్దముక్క ఒకటి ఉంది, విరగనిది.

"ఇది నిన్న నీ మాటకే పడింది," అంది భారతీదేవి. "పదకొండేళ్ళ గ్రూపులో ఇంతదాకా పొడి తప్ప ముక్క పడలేదు నాకు. రాత్రంతా కోపంగానే ఉన్నాను. పొద్దున్నే దాంతో పలక మీద రాసి చూశాను. ఎంత బాగా రాస్తోందో. నేను నిజంగానే చెప్పులు తడుపుకోలేదు కాసమ్మా, నాకు నీళ్ళంటే భయం."

"మరి నాకు సెప్పండి టీచరమ్మా. నాకు గుండ్లు కావాల. రెండో శనివారం దాకానే టైము."

భారతీదేవి బల్లమీది ఫోను చేతిలోకి తీసుకుంది.

"నీవి నలభై మూడు కవితలు దాచుకున్నాను. అన్నీ మళ్ళీ విని, ఒక్కోదాని గురించీ చెబుతాను. కానీ ముందు ఒకటి చెప్పాలి. నీకు నొప్పి కలుగుతుంది."

"సెప్పండి."

"నలభై మూడింట్లోనూ సముద్రం అమ్మే. పిలిచే అమ్మ, చేపలు పోసే అమ్మ, జోలపాడే అమ్మ. ఒడ్డున పుట్టినదానివి, నీ ఇంట్లోంచి అది ఎవరినీ తీసుకెళ్ళలేదా? ఆ మనిషి ఒక్క కవితలోనూ లేడు. అక్కడికొచ్చేసరికి నువ్వు అబద్ధం ఆడుతున్నావు."

కాసమ్మ చందువా బల్లమీద పెట్టి, గంపెత్తుకుని వచ్చేసింది. బస్సులో ఆ రోజు వరసలేవీ రాలేదు. ఆమెకి కోపంగా ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది. ఇంటికొచ్చేసరికి పోతయ్య గడప ముందు వంగి ఉన్నాడు. గుమ్మడికాయంత సీసం గుండు. కింద నేల నాలుగు వేళ్ళు దిగిపోయింది.

"ఏటే ఇది? ఇద్దరం పట్టినా కదల్నేదు. పక్కింటోడు నడుం పట్టీసిందని ఎల్లిపోయాడు."

"ఉండనీ," అంది కాసమ్మ. దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళింది.

భారతీదేవి మాట నిలబెట్టుకుంది. రోజుకి నాలుగైదు కవితలు తీసి, ఒక్కోదాని గురించీ గొంతుతోనే గ్రూపులో పెట్టింది. ఇక్కడ మాట ఎక్కువైంది, ఇక్కడ నువ్వు వినేవాడిని నమ్మలేదు, ఇది నీది కాదు ఎక్కడో విన్నది, ఇది మాత్రం నీదే ముట్టుకోకు. ప్రతి మధ్యాహ్నం గడప ముందు పది పదిహేను చిన్న గుండ్లు, గోలీకాయలంత. పోతయ్య ఒక్కోటీ అరచేతిలో ఎగరేసి చూసుకుని, కిందతాడుకి కట్టుకుంటూ పోయాడు. తాడు నిండటం మొదలైంది. అయితే వల కొసకి ఒక పెద్ద బరువు కావాలి, లేకపోతే వల మునిగినా నీటివాలుకి కొట్టుకుపోతుంది. పెద్దది వాకిట్లోనే ఉంది. దాన్ని కదిపేవాళ్ళే లేరు. నలుగురు మొగాళ్ళు గెడకర్ర పెట్టి లేపితే గెడకర్ర విరిగింది.

ఆ శనివారానికి రెండు రోజుల ముందు, గురువారం, కాసమ్మ చేపలకి వెళ్ళలేదు. పొద్దెక్కాక ఒడ్డుకి వెళ్ళి, అలలు పాదాలకి తగిలేచోట నిలబడి, ఫోను తీసింది. వెనక్కి జరగలేదు. చీర మోకాళ్ళదాకా తడిసింది.

"అమ్మవి కాదు నువ్వు.
అమ్మవైతే మా నరసన్నని
బువ్వ తినీసి ఎల్లరా అనేదానివి.
కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది కంచంలో.
పదిహేడేళ్ళ గుంటడు.
మాయమ్మ సచ్చిపోయిందాకా
ఆ కంచం కడగనివ్వనేదు.
అయినా తల్లీ నీకే మొక్కుతాం,
నీ దయే మాకు దిక్కు."

ఫోను రొంటిన దోపుకుని అక్కడే ఇసకలో కూర్చుని ఏడ్చింది. తమ్ముడు నరసన్న సముద్రంలో పోయి ఇరవై రెండేళ్ళు. ఇంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు.

ఆ రోజు గ్రూపులో ఒక్క చప్పట్ల బొమ్మా రాలేదు. గడప ముందు ఒక్క బెండూ పడలేదు. సాయంత్రానికి సూరయ్య గొంతు వచ్చింది. ఆయన ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు.

"కాసమ్మా, కంచం దగ్గర ఆపీ. ఆ తరవాత రెండు వరసలూ భయపడి కలిపినావు. నాను పొలంలో ఉండి విన్నాను, కంచం దగ్గర పార కిందెట్టీసినాను. తరవాతవి వినబుద్ధి కానేదు."

కాసమ్మ విని తలూపింది. ఆ రెండు వరసలూ తీసేసి మళ్ళీ చెప్పి పెట్టింది. శుక్రవారం పొద్దున్నుంచీ ఒక్కొక్కరే ఆమె కవితల్లో తప్పులు చెప్పారు. తిట్టినవాళ్ళూ మాట్లాడారు. ఒకాయన ఆమె మాటకి జవాబుగా తన పాత కవిత తనే తప్పుపట్టుకున్నాడు. పొద్దుగూకేలోగా కిందతాడు మొత్తం నిండింది.

శనివారం తెల్లవారుతూనే మసేను పడవ ఒడ్డున సిద్ధంగా ఉంది. పోతయ్య సంచీ కూడా సర్దే ఉంది, వసారాలో, రైలుకి. వల మడత భుజాన వేసుకుని అతను పెద్ద గుండు వైపు చూశాడు.

"మనుషుల్ని పిలవనా?"

"వొద్దు," అంది కాసమ్మ. కొంగు నడుముకి చుట్టుకుని వంగి, ఒంటిచేత్తో దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది, నీళ్ళబిందెని పెట్టుకున్నట్టు. పోతయ్య దారి ఇచ్చాడు.

కొత్త వల నీళ్ళలో దిగేముందు ఇంటి ఆడది ఒక గుండుకి పసుపు రాయాలి. మామూలుగా మొదటి గుండుకే రాస్తారు. కాసమ్మ మాత్రం కొసన కట్టిన పెద్దదానికి రాసింది. అడుగుభాగం కూడా వదలకుండా, చంటిపిల్లాడికి ఒళ్ళు రుద్దినట్టు, నెమ్మదిగా రాసింది. పోతయ్య ఎక్కిన పడవ అలలు దాటింది. ముందు పెద్ద గుండు వెళ్ళింది, దాని వెనక చిన్నవి, వాటి వెనక వల. బెండ్లు మాత్రం నీళ్ళమీద వరసగా నిలబడ్డాయి, ఒక్కటీ పక్కకి పోలేదు. ఒడ్డునున్న కాసమ్మ ఆ వరస చివరిదాకా చూసుకుని ఇంటికొచ్చింది.

వసారాలో సంచీ విప్పి, లుంగీలూ చొక్కాలూ తీసి మళ్ళీ దండెం మీద వేసింది. చివరి చొక్కా వేస్తుండగా ఫోను మోగింది. కాంట్రాక్టరు పింటు, ఒడియాలో పిన్నీ అని పిలుస్తూ.

"మాఉసీ, పోతయ్య స్టేషనుకి బయల్దేరాడా? నాను ఇక్కడ ఉన్నాను."

"రాడు బాబూ," అంది కాసమ్మ. "మా వల నీట్లో ఉంది."